ఇన్ని అధ్యయనాలు చెప్పాయంటే నిజమేనా?

(స్త్రీల ఆరోగ్యం మీద పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం వినడానికి కొంచెం పొడిగా ఉంటుంది. వైద్య పరిశోధనలన్నిటినీ పోగుచేసి రాసే సమీక్షల్లో పక్షపాతం ఎక్కడెక్కడ దూరుతుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నది విషయం. ఇది డాక్టర్ల పని, లెక్కల శాస్త్రం చదువుకున్నవాళ్ళ పని, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేనూ డాక్టర్ని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. కానీ స్త్రీల ఆరోగ్యం గురించి ఏ అధికారితో వాదించినా చివరికి ఒక్క మాటతో మన నోరు మూయించడం చూస్తూనే ఉన్నాను. "ఇది రుజువైన విషయమండీ, ఇన్ని అధ్యయనాలు చెప్పాయి" అంటారు. వెనక "డాక్టరుగారు చెప్పారు" అనేవాళ్ళు. డాక్టరుగారిని ఎదురు ప్రశ్న వెయ్యడం మనం కష్టపడి నేర్చుకున్నాం. ఆ స్థానంలోకి ఇప్పుడు "సాక్ష్యం" వచ్చి కూర్చుంది. దాన్ని ప్రశ్నించడం రాకపోతే మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడవలసిందే.

ముందుగా మనకి బాగా తెలిసిన చోటునించి మొదలుపెడతాను. మన సంస్థల వార్షిక నివేదికలు తీసి చూడండి. పొదుపు సంఘాల్లో ఉన్న స్త్రీల పిల్లలు బడి మానెయ్యడం తక్కువ, కాన్పుకి ఆస్పత్రికి వెళ్ళడం ఎక్కువ అని రాస్తాం. ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టి రాసిందే, ఇందులో అబద్ధం ఏమీ లేదు అనుకుందాం. మరి అదే ఊళ్ళో సంఘంలో చేరని వాళ్ళెవరు? నెలనెలా పొదుపు కట్టలేనివాళ్ళు. ఆర్నెల్లు వలసపోయేవాళ్ళు. "ఆవిడ అప్పు తీర్చదు, మనందరం ఇరుక్కుంటాం" అని తోటి ఆడవాళ్ళే పక్కన పెట్టినవాళ్ళు. మొగుడు గడప దాటనివ్వని వాళ్ళు. అంటే సంఘం ఏమీ చెయ్యకముందే ఈ రెండు గుంపులకీ మధ్య తేడా ఉంది. ఆ తేడానంతా తీసుకెళ్ళి సంఘం ఖాతాలో జమ వేస్తున్నాం. ఒక ఊళ్ళో కాకుండా వెయ్యి ఊళ్ళలో లెక్కపెట్టినా ఇదే తప్పు వెయ్యిసార్లు జరుగుతుంది. తక్కెడే ఒక పక్కకి మొగ్గి ఉంటే ఎన్నిసార్లు తూచినా తూకం మారదు, మన నమ్మకం మాత్రం పెరుగుతుంది.

పరిశోధకులు "బయాస్" అనేది ఈ మొగ్గునే. తెలుగులో పక్షపాతం అంటాం గానీ ఆ మాటలో ఎవరో కావాలని చేశారన్న ధ్వని ఉంది. కావాలని చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతికి తర్వాత వస్తాను. చాలావరకు మాత్రం ఈ మొగ్గు ఎవరి దురుద్దేశమూ లేకుండానే వస్తుంది. ఎవరు ఎవరితో పోల్చబడ్డారు, ఎవరు లెక్కలోంచి జారిపోయారు అన్న దగ్గర వస్తుంది. అందుకే వర్గమూ కులమూ స్త్రీపురుష సంబంధాలూ అలవాటుగా చూసే కళ్ళకి ఇది కనపడడం సులువని నేననుకుంటాను.

ఈ మాటకి నా దగ్గరున్న బలమైన ఉదాహరణ హార్మోన్ మాత్రల కథ. అమెరికాలో జరిగిన కథే అయినా కొంచెం వివరంగానే చెబుతాను.

బహిష్టులు ఆగిపోయిన స్త్రీలకి ఈస్ట్రోజెన్ మాత్రలు ఇవ్వడం చాలాకాలంగా ఉంది. ప్రెమారిన్ అనే మాత్ర కడుపుతో ఉన్న ఆడగుర్రాల మూత్రంలోంచి తీసిన హార్మోన్‌తో చేసేది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ఒక పుస్తకం రాసి, ముట్లుడగడమే ఒక లోపం, ఒక జబ్బు, ఈ మాత్రలతో ఎప్పటికీ ఆడతనం నిలుపుకోవచ్చు అని ప్రచారం చేశాడు. అది అమ్మకం మాట అని తేలిగ్గానే గుర్తుపట్టవచ్చు. స్త్రీల సంఘాలు గుర్తుపట్టాయి కూడా. తర్వాత వచ్చిన మాట అంత తేలిక కాదు. "ఈ మాత్రలు గుండెజబ్బుని ఆపుతాయి" అని శాస్త్రం చెప్పడం మొదలుపెట్టింది.

1991లో స్టాంఫర్, కోల్డిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి సమీక్ష రాశారు. ఈస్ట్రోజెన్ వాడిన స్త్రీలలో గుండెజబ్బు 44 శాతం తక్కువ అని తేలింది. వాడినవాళ్ళు మొదటినించీ ఆరోగ్యవంతులు కావడం వల్ల ఇంత తేడా వచ్చి ఉండదని కూడా వాళ్ళు వాదించారు. వాళ్ళు మోసగాళ్ళు కారు. అధ్యయనాలు చిన్నవీ కావు. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అదే మాట చెప్పాయి. అందరూ ఒకే మాట చెబితే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది కదా. 1990లలో అమెరికాలో అతి ఎక్కువగా రాసిన మందుల్లో ప్రెమారిన్ ఒకటి. ఏ బాధా లేని స్త్రీలకి కూడా, ముందు జాగ్రత్తగా, ఏళ్ళ తరబడి రాశారు.

అయితే ఈ అధ్యయనాల్లో మాత్రలు వాడినవాళ్ళెవరు? డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్ళగలిగినవాళ్ళు. ఎక్కువ చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు, సన్నగా ఉన్నవాళ్ళు, వ్యాయామం చేసేవాళ్ళు. గుండెజబ్బో రక్తపోటో ఉన్నవాళ్ళకి చాలామంది డాక్టర్లు ఈ మాత్రలు రాసేవాళ్ళే కాదు. సరిగ్గా మన పొదుపు సంఘం సంగతే. 1987లోనే డయానా పెటిటీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒక విషయం బయటపెట్టారు. ఈస్ట్రోజెన్ వాడిన స్త్రీలలో గుండెజబ్బు చావులే కాదు, ప్రమాదాలు, ఆత్మహత్యలు, హత్యల వల్ల చావులు కూడా తక్కువగా ఉన్నాయి! హార్మోన్ మాత్ర మింగితే రోడ్డుమీద లారీ ఆగుతుందా? ఆగదు. ఆ స్త్రీలు బతికే బతుకే వేరు. ఆ ఒక్క అంకె చూసి అందరూ ఆగి ఉండవలసింది, ఆగలేదు.

ఇంకో విచిత్రం చెబుతాను. గుండెకి ఈస్ట్రోజెన్ మంచిదా కాదా అని చీటీలు వేసి పంచిన తొలి పెద్ద పరీక్షల్లో ఒకటి జరిగింది మగవాళ్ళ మీద. అమెరికాలో 1966లో మొదలైన కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో గుండెపోటు వచ్చి బతికిన 8,341 మంది పురుషులకి రకరకాల మందులు ఇచ్చారు. అందులో ఈస్ట్రోజెన్ ఒకటి. గుండెపోట్లూ రక్తపు గడ్డలూ ఎక్కువవుతున్నాయని ఎక్కువ మోతాదును 1970లో, తక్కువ మోతాదును 1973లో ఆపేశారు. మగవాళ్ళకి హాని అని తెలియగానే ఆగిపోయిన మందు, ఆడవాళ్ళకి మేలు అన్న నమ్మకంతో ముప్ఫై ఏళ్ళు నడిచింది! 1980లలో ఆస్పిరిన్ గుండెపోటుని ఆపుతుందేమో చూడడానికి జరిగిన ప్రసిద్ధమైన పరీక్షలో 22,071 మంది డాక్టర్లని తీసుకుంటే అందరూ పురుషులే. ఆడవాళ్ళ మీద సరైన పరీక్ష లేకపోవడం వల్లే సమీక్షకులు దొరికిన బలహీనమైన అధ్యయనాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది. పరీక్షలనించి స్త్రీలని మినహాయించడం ఒక అన్యాయం అయితే, ఆ ఖాళీలో ఊహలు వచ్చి కూర్చోవడం రెండో అన్యాయం.

అదే కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో ఇంకొక లెక్క ఉంది. నాకు చాలా ఇష్టమైన లెక్క, ప్రతి శిక్షణలోనూ చెబుతాను. ఉత్తుత్తి మాత్ర, అంటే మందేమీ లేని మాత్ర ఇచ్చిన గుంపులో, మాత్రలు క్రమం తప్పకుండా మింగినవాళ్ళలో అయిదేళ్ళలో చనిపోయినవాళ్ళు 15.1 శాతం. సరిగ్గా మింగనివాళ్ళలో 28.2 శాతం. అందులో మందు లేదు! అయినా మింగినవాళ్ళలో చావులు దాదాపు సగం. చెప్పినట్టు రోజూ మాత్ర వేసుకోగలగడం అనేది ఒక రకం జీవితానికి గుర్తు. వేళకి తిండి, నిద్ర, ఇంట్లో కాస్త నెమ్మది ఉంటేనే అది కుదురుతుంది. కాబట్టి "వాడినవాళ్ళు బాగున్నారు, వాడనివాళ్ళు బాగాలేరు" అన్న వాక్యం ఎక్కడ కనపడినా ఈ ఉత్తుత్తి మాత్రని గుర్తుచేసుకోండి. మన ఐరన్ మాత్రల నివేదికల్లో కూడా.

ఇక కథ ముగింపు. ఫిన్లండ్‌కి చెందిన ఎలీనా హెమ్మింకి, క్లిమ్ మెక్‌ఫర్సన్‌తో కలిసి 1997లో ఒక పని చేసింది. హార్మోన్ల మీద ఎముకల కోసమో మరెందుకో జరిగిన చిన్న చిన్న ట్రయల్స్ 22 వెతికి పట్టుకుంది. వాటిలో గుండెజబ్బుల సంగతి ముఖ్య ఫలితంగా ఎవరూ రాయలేదు. మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు అన్న వివరాల్లో ఎక్కడో మూల పడి ఉంది. అవన్నీ ఏరి కలిపితే 4,124 మంది స్త్రీలలో గుండెకి రక్షణ జాడే లేదు. ఎవరు వెళ్ళిపోయారు, ఎందుకు వెళ్ళిపోయారు అని అడగడం ఎంత విలువైన పనో దీన్ని బట్టి చూడండి. 1998లో 2,763 మంది గుండెజబ్బు ఉన్న స్త్రీల మీద జరిగిన ట్రయల్‌లోనూ మేలు కనపడలేదు, మొదటి ఏడాది హానే కనపడింది. 2002 జులైలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద ట్రయల్‌లో ఈస్ట్రోజెన్, ప్రోజెస్టిన్ కలిపి ఇచ్చిన భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. 16,608 మంది స్త్రీలు, సగటున 5.2 ఏళ్ళు. మాత్రలు వాడిన ప్రతి 10,000 మందికి ఏడాదికి గుండెజబ్బులు 7, పక్షవాతాలు 8, ఊపిరితిత్తుల్లో గడ్డలు 8, రొమ్ము కాన్సర్లు 8 ఎక్కువ. పెద్దపేగు కాన్సర్లు 6, తుంటి ఎముక విరగడాలు 5 తక్కువ.

అదే ఏడాది హంఫ్రీ బృందం పాత అధ్యయనాలని మళ్ళీ తూచింది. ఈసారి ఒక్కొక్క అధ్యయనాన్నీ ఎంత నమ్మవచ్చో చూసి, ఆర్థిక సామాజిక స్థితిని లెక్కలోకి తీసుకున్నవాటిని విడిగా పెట్టి చూశారు. వాటిలో గుండెకి మేలు మాయమైంది. అంటే పదకొండేళ్ళ కిందట 44 శాతం రక్షణగా కనపడింది చాలావరకు వర్గం. వర్గాన్ని మాత్రలో పెట్టి అమ్మారు. సమాజశాస్త్రం చదివినదాన్ని కాబట్టి ఇక్కడ నాకు కొంచెం గర్వం కూడా కలుగుతుంది, క్షమించండి.

ఒక జాగ్రత్త. ఈ కథ విని "హార్మోన్ మాత్రలు విషం" అని ఊళ్ళల్లో చెప్పకండి. వేడి ఆవిర్లతో నిద్రలేక అల్లాడే స్త్రీకి అవి నిజంగా పనిచేస్తాయి. 60 ఏళ్ళలోపు, ముట్లుడిగిన పదేళ్ళలోపు మొదలుపెట్టినవాళ్ళ విషయంలో గుండె లెక్క వేరుగా ఉండవచ్చని 2015 కోక్రేన్ సమీక్ష చెప్పింది, రక్తపు గడ్డల ప్రమాదం ఉందని చెబుతూనే. కూలిపోయిన మాట ఒక్కటే. గుండె కోసం అందరూ వాడండి అన్నది.

ఇప్పుడు పద్ధతి సంగతి. చీటీలు వేసి పంచడం అన్నాను. ర్యాండమైజ్డ్ ట్రయల్ అంటే అంతే. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది డాక్టరు ఇష్టమూ రోగి ఇష్టమూ కాకుండా చీటీ నిర్ణయిస్తుంది. అప్పుడు డబ్బూ చదువూ రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా పడతాయి. అయితే చీటీల సంగతి మనకి తెలియనిదా? ఇళ్ళ స్థలాలకి లాటరీ తీసే రోజున మడత చూసి చీటీ గుర్తుపట్టే గుమస్తా లేడా? ట్రయల్‌లోనూ అంతే. తర్వాతి చీటీ ఏమిటో చేర్చుకునే డాక్టరుకి ముందే తెలిస్తే, నీరసంగా ఉన్న రోగిని ఇంకో రోజు రమ్మంటాడు. దయతోనే అయినా సరే, లాటరీ పాడవుతుంది. 1995లో కెన్నెత్ షుల్జ్, సహచరులు గర్భానికీ కాన్పుకీ సంబంధించిన 250 ట్రయల్స్ పరిశీలించారు. చీటీని సరిగ్గా దాచని ట్రయల్స్ మందు మేలుని దాదాపు 40 శాతం ఎక్కువ చేసి చూపించాయి.

కాన్పుల ట్రయల్స్ అన్ని ఎక్కడినించి వచ్చాయి అని అడగవచ్చు. ఆర్చీ కోక్రేన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1979లో, చేసే పనికి రుజువు చూసుకోవడంలో ప్రసూతి శాస్త్రం అన్నిటికన్నా వెనకబడి ఉందని ఎద్దేవా చేశాడు. ఆ మాట పట్టుకుని ఇయాన్ ఛామర్స్, సహచరులు కాన్పులకి సంబంధించిన ట్రయల్స్ అన్నీ వెతికి, తూచి, 1989లో రెండు పెద్ద సంపుటాలు తెచ్చారు. దాన్నించే 1993లో కోక్రేన్ పేరుతో అంతర్జాతీయ సంస్థ పుట్టింది. ఈ విద్యంతా మొదలైంది మన కాన్పుగదుల్లోనే.

మొదట్లో ట్రయల్స్‌కి పరీక్ష పేపర్లకి వేసినట్టు మార్కులు వేసేవాళ్ళు. అయిదుకి మూడు వస్తే పాసు. 1999లో పీటర్ యూని బృందం ఒకే 17 ట్రయల్స్‌ని 25 రకాల మార్కుల పట్టికలతో దిద్ది చూపించింది. పట్టిక మారితే మంచి ట్రయల్స్ ఏవో మారిపోయాయి, ముగింపూ మారిపోయింది. అందుకే 2008లో వచ్చిన కోక్రేన్ పరికరంలోనూ, 2019లో వచ్చిన రెండో రూపంలోనూ మార్కులు లేవు. ప్రశ్నలు ఉంటాయి. ఒక్కొక్క ప్రశ్నకీ మొగ్గు ప్రమాదం తక్కువా, ఎక్కువా, కొంత అనుమానమా అని తీర్పు, ఆ తీర్పుకి కారణం. చీటీ సంగతి చెప్పాను. అనుకున్న మందు అనుకున్నట్టు అందిందా? మధ్యలో జారిపోయినవాళ్ళెంతమంది? ఫలితం ఎవరు, ఎలా కొలిచారు? కొలిచినవాటిలో ఏవి చెప్పారు, ఏవి మింగేశారు? చీటీలు వెయ్యని అధ్యయనాలకి 2016లో వేరే పరికరం వచ్చింది, అందులో మొదటి ప్రశ్నే ఈ రెండు గుంపులకీ ముందునించీ తేడా ఉందా అన్నది.

కొలవడం గురించి ఒక్క మాట. చావుని ఎవరు లెక్కపెట్టినా చావే. నొప్పి, నీరసం, వేడి ఆవిర్లు అలా కాదు, స్త్రీ చెబితేనే తెలుస్తుంది. వేడి ఆవిర్ల మీద కోక్రేన్ సమీక్షలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళకి కూడా ఆవిర్లు 57.7 శాతం తగ్గాయి. ఏ మాత్ర అందిందో తెలియకుండా ఉంచడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. అది ఎంత కష్టమో కూడా చూడాలి. 2002లో ఆపేసిన ట్రయల్ని ఇంతసేపు మెచ్చుకున్నాను కదా, దాన్నీ తూచుదాం. హార్మోన్ వాడినవాళ్ళలో రక్తస్రావం అయింది. దానికి వైద్యం చెయ్యడానికి 40.5 శాతం మంది విషయంలో ఏ మాత్ర అందుతోందో క్లినిక్‌లోని గైనకాలజిస్టుకి తెలియజెయ్యవలసి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర గుంపులో అది 6.8 శాతమే. మాత్ర పేరు ఎంత దాచినా ఆడవాళ్ళ ఒళ్ళు చెప్పేసింది. ఫలితాల మీద తుది తీర్పు ఇచ్చినవాళ్ళకి ఈ సంగతి తెలియదు కాబట్టి గుండె లెక్కలకి పెద్ద ముప్పు లేదని నా అభిప్రాయం. ఆ ట్రయల్‌లో "జీవితం బాగుందా" వంటి ప్రశ్నల ఫలితాలైతే నేను కొంచెం అనుమానంగానే చదువుతాను.

ఇప్పుడు మనకి ఇబ్బంది కలిగించే ఉదాహరణ. డెపో ప్రొవెరా ఇంజెక్షన్. 2017 నించి "అంతర" పేరుతో ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్నది ఇదే. ఇంజెక్షన్ గర్భనిరోధకాలతో మన పోరాటం పాతది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ట్రయల్ కోసం ఏమీ వివరించకుండా స్త్రీలని పోగుచెయ్యడం చూసిన తర్వాత, 1986లో స్త్రీశక్తి సంఘటన, సహేలీ, మరికొందరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ కేసు అడిగింది, ఆడవాళ్ళకి చెప్పకుండా వాళ్ళ మీద ప్రయోగం ఏమిటని. ఆ ప్రశ్న ఈనాటికీ ఉంది.

తర్వాత ఇంకొక వాదన వచ్చి చేరింది. డెపో వాడిన ఆఫ్రికా స్త్రీలకి హెచ్‌ఐవీ సోకే అవకాశం ఎక్కువని అధ్యయనాలు రావడం మొదలయింది. 2016 నాటి సమీక్ష ఆందోళనని ఇంకా పెంచింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్న స్త్రీల విషయంలో డెపో వర్గీకరణని ఒక మెట్టు మార్చింది. స్త్రీల ఉద్యమాల రాతల్లో ఈ మాట బాగా కనపడింది. మనకి అనుకూలమైన సాక్ష్యం కదా!

కానీ ఆ అధ్యయనాలూ చీటీలు వెయ్యనివే. ఇంజెక్షన్ తీసుకునే స్త్రీలు కండోమ్ తక్కువ వాడతారు. ఎవరు వాడారో ఎవరు వాడలేదో వాళ్ళ నోటిమాట మీదే ఆధారపడాలి. భర్తకి తెలియకుండా గర్భం ఆపుకోవాలని ఇంజెక్షన్ ఎంచుకున్న స్త్రీ బతుకు, కాపర్ టీ ఎంచుకున్న స్త్రీ బతుకు ఒకటి కాకపోవచ్చు. హార్మోన్ మాత్రల విషయంలో మనం అడిగిన ప్రశ్నలే ఇవి. 2019లో ఎస్వతీని, కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియా దేశాల్లో 7,829 మంది స్త్రీలకి డెపో, కాపర్ టీ, చేతిలో పెట్టే ఇంప్లాంట్ అని మూడు విధాలుగా చీటీలు వేసి పంచిన ఎకో ట్రయల్ ఫలితం వచ్చింది. హెచ్‌ఐవీ సోకడంలో మూడింటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ముప్పు 50 శాతం పెరిగితే పట్టుకునేలా వేసిన లెక్క అది, కాబట్టి చిన్న తేడాని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. రెండింతలు అన్న పాత మాట మాత్రం నిలవదు. "అంతర" మీద మనకి అభ్యంతరాలు ఉంటే ఉన్నాయి. సమ్మతి సరిగ్గా తీసుకోవడం లేదు, బహిష్టు తారుమారైతే చూసే దిక్కులేదు, ఎముకల సంగతి చెప్పడం లేదు. అవి చెబుదాం. హెచ్‌ఐవీ మాటని కరపత్రంలోంచి తీసెయ్యాలి. కంపెనీ ప్రచారానికి వేసిన ప్రశ్న మన కరపత్రానికి వెయ్యకపోతే రేపు ఏ వైద్యాధికారయినా అదొక్కటి పట్టుకుని మిగతావన్నీ కొట్టేస్తాడు.

ఆ ట్రయల్‌లో పెద్దగా ఎవరూ మాట్లాడని అంకె ఇంకొకటుంది. మూడు గుంపులూ కలిపి ఏడాదికి నూటికి దాదాపు నలుగురు స్త్రీలకి హెచ్‌ఐవీ సోకింది. పరీక్షలూ కండోమ్‌లూ సలహాలూ అన్నీ అందుతున్న ట్రయల్ లోపల! పద్ధతుల మధ్య తేడా లేదన్నది ట్రయల్ అడిగిన ప్రశ్నకి జవాబు. ఈ నలుగురి సంగతి ఆ ప్రశ్నలో లేదు.

పరికరాలకి కనపడనివి ఇలాంటివే. ఏ ప్రశ్న అడగాలో ఎవరు నిర్ణయించారు, డబ్బు ఎవరిచ్చారు అన్నది కోక్రేన్ పరికరంలో ఒక గడి కాదు. ఉండాలని లీసా బెరో, అక్కర్లేదని జోనథన్ స్టెర్న్ 2013లో వాదించుకున్నారు. డబ్బు వల్ల మొగ్గు వస్తే అది చీటీల్లోనో కొలతల్లోనో ఎక్కడో కనపడే తీరుతుందని స్టెర్న్ వైపు వాదన. వినడానికి బాగానే ఉంది. 2017లో సవరించిన కోక్రేన్ సమీక్ష మాత్రం కంపెనీల డబ్బుతో జరిగిన అధ్యయనాలు కంపెనీకి అనుకూలమైన ముగింపులు ఎక్కువగా ఇస్తున్నాయనీ, మామూలు పరికరంలోని గడులతో ఈ తేడా అర్థం కావడం లేదనీ తేల్చింది. నేను బెరో పక్షం. హార్మోన్ మాత్రల విషయంలోనే 2009లో కోర్టు ద్వారా బయటికొచ్చిన కాగితాలు చూడండి. వైత్ కంపెనీ డబ్బుతో ఒక రచనా సంస్థ తయారుచేసిన 26 వ్యాసాలు పేరున్న డాక్టర్ల పేర్లతో వైద్య పత్రికల్లో వచ్చాయి. వాటిలో సమీక్షా వ్యాసాలూ ఉన్నాయి. ఇందాక చెప్పిన కావాలని చేసేవాళ్ళు వీళ్ళు. వ్యాసం లోపల ఎన్ని గడులు నింపినా అది రాసిన చెయ్యి ఎవరిదో తెలియదు.

చాలాసేపు మాట్లాడాను. భోజనాల తర్వాత అయిదుగురు చొప్పున కూర్చుందాం. ఒక్కొక్క గుంపుకి రెండు కాగితాలు ఇస్తారు. ఒకటి రక్తహీనత మాత్రల మీద వచ్చిన ఒక సమీక్ష సారాంశం, తెలుగులో రాసినది. రెండోది మీ సంస్థ నివేదికలోంచి మీరే ఎంచుకున్న ఒక పేజీ. రెండింటికీ అవే ప్రశ్నలు వెయ్యండి. ముందు, లెక్కలో లేనివాళ్ళ జాబితా రాయండి, మిగతా గడులు తర్వాత నింపవచ్చు. మీ పేజీలో ఏదైనా గడికి జవాబు దొరక్కపోతే ఖాళీ వదలకండి. "రాయలేదు" అని రాయండి. సాయంత్రం అందరం కలిసినప్పుడు ఆ "రాయలేదు"ల దగ్గరినించే మొదలుపెడదాం.